కారణం

వాళ్ళొచ్చిన రోజు ఏటుకూరు రోడ్డు కడిగినట్టుంది.
కోల్డ్ స్టోరేజి గేటుకి మామిడాకులు,
గోడకి రాత్రికి రాత్రే వెల్ల.
తడి ఆరని చోట ఆనుకుని
మేనేజరు గారి చొక్కా భుజం కూడా తెల్లబడింది.

మూడు కార్లు. హాలండు వాళ్ళట.
మిరపకాయలోంచి రంగు పిండుతారట,
ఆ రంగు జున్ను ముక్కకీ పెదాల పూతకీ పనికొస్తుందట.
మరి కారమో, అన్నాను.
"కారం వేరే సీసాలోకి పోద్ది బాబాయ్" అంది కెజియా,
బ్రాడీపేట పిల్ల, వాళ్ళకి దుబాసీ.

గుమ్మం దాటకముందే పెద్దాయనకి తుమ్ములు.
ఒకటి, మూడు, పదకొండు.
తొడిమలు తీసే ఆడవాళ్ళు
కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు.
"నూరేళ్ళు బతుకు నాయనా" అంది శౌరమ్మ.
అదొక్కటీ కెజియా తర్జుమా చెయ్యలేదు.

మేనేజరు గారు ఏకరువు పెడుతున్నారు:
రెండొందల మందికి పని,
తాలుకాయకి కూడా ధర,
కాలవ నీళ్ళు, రేవుకి తారు రోడ్డు,
అన్ని అనుమతులూ ఒక్క కిటికీ దగ్గరే.
ఆ కిటికీ నాకు తెలుసు.
భోజనానికి మూస్తే
తెరవడం వాళ్ళిష్టం.

చూపించిన స్థలం తాడికొండ దారిలో పన్నెండెకరాలు.
చూపించనివి రెండు.
మధ్యలోంచి పోయే డొంక
కాగితంలో ఉంది, నేల మీద లేదు.
నాలుగో అన్నదమ్ముడు
నేల మీద ఉన్నాడు, కాగితంలో లేడు.

నన్ను జనరేటరు షెడ్డులోనే ఉండమన్నారు.
"మస్తానూ, ఆ పుస్తకం బీరువాలో పడెయ్" అన్నారు పొద్దున్నే.
పడేద్దామనే అనుకున్నా.
పదీ ఇరవైకి కరెంటు పోయింది.
జనరేటరు అందుకుంది,
అలవాటు కొద్దీ రాసేశాను:
తేదీ, పోయిన టైము, వచ్చిన టైము, కారణం.
కారణం దగ్గర పెన్ను ఆగి తలెత్తితే
గుమ్మంలో ఆమె,
తెల్ల బూట్ల నిండా మిరప పొడి.

పదేళ్ళ పుస్తకం అది.
నూనె వేళ్ళ ముద్రలతో పేజీలు అట్టలు కట్టినయ్.
నాలుగో గడి మీద వేలు పెట్టింది.
కెజియా చదివి చెప్పింది:
గాలివాన. ఫీడరు ట్రిప్పు. ఉడత.
లైన్‌మన్ చెల్లెలి పెళ్ళి. మళ్ళీ ఉడత.
ఊళ్ళోకి మంత్రిగారు.
తెలియదు. తెలియదు. తెలియదు.
ఉడత దగ్గర ఆమె నవ్వింది.
తెలియదు దగ్గర నవ్వలేదు.
ఫోన్లో ఫొటోలు తీసుకుంది
ఒక్కో పేజీ, వంకర పోకుండా.

వెనక మేనేజరు గారి మొహం తాలుకాయ.

కారెక్కుతూ ఏదో అంది.
"ఇవాళ చూసిన కాగితాల్లో
నమ్మదగ్గది ఇదొక్కటేనంట" అంది కెజియా.
అది మెచ్చుకోలో చావుకబురో
ఇప్పటికీ తేల్చుకోలేదు నేను.

వానలు పడ్డయ్. యార్డులో తేజ ధర పడింది, లేచింది.
గోడ వెల్ల పెచ్చులూడింది.
తుమ్ములాయన మళ్ళీ రాడా అని శౌరమ్మ అడుగుతూనే ఉంది.
వాళ్ళ చిన్నది కెమిస్ట్రీ చదువుతోంది మరి.

దసరా ముందు మెయిలొచ్చింది:
ప్రస్తుతానికి వాయిదా.
కారణం రాయలేదు.
నేనే కారణం అన్నారు మేనేజరు గారు.
నాలుగో అన్నదమ్ముడన్నారు కొందరు.
యూరో అన్నారు, ఎలక్షన్లన్నారు,
టీకొట్టు సుబ్బయ్య మాత్రం ఆ తుమ్ములే అన్నాడు.

నిన్న రాత్రి రెండింటికి మళ్ళీ పోయింది.
లోపల లక్ష టిక్కీలు చలిలో నిద్రపోతున్నయ్,
ఎవరి సీసాలోకో తేలని ఎరుపు.
జనరేటరు వేసి
టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని పుస్తకం తెరిచాను.
నాలుగో గడిలో
'తె' దాకా రాసి
ఆగి,
చెప్పులేసుకుని
ట్రాన్స్‌ఫార్మరు దాకా నడిచి చూసొచ్చాను.

ఫ్యూజు.
'తె' కొట్టేసి
ఫ్యూజు అని రాశాను.