జేబులు

వూచ్‌లో రాత్రి పదకొండు. ఆఖరి ట్రామ్ వెళ్ళిపోయింది.
పగలంతా తాళంచెవులు అరగదీసిన వేళ్ళకు
ఇంకా ఇత్తడి వాసన.
తెరమీద నా దొంగ, ఇరవయ్యో మెట్టు దాటి,
చేతిపని ఎంచుకోమంటే నోరు మెదపడు.

తోలుపని నేర్పించు, అంటాడు జెమోవిత్ హెడ్‌ఫోన్‌లో,
నీ కవచం నువ్వే కోసుకోవచ్చు.
విషం కాచడం మేలంటుంది ఇంకెవరో,
బాకుకి రాస్తే రాక్షసుడైనా మూడు లెక్కపెట్టేలోగా సరి.
యంత్రాలా? వద్దు.
తాళాల మొహం ఎనిమిది గంటలు చూసే వచ్చాను.

అసలు దొంగకు పని నేర్పడమేమిటని
కాసేపు నవ్వుకున్నాను.
కింది వాటా హలీనా గుర్తొచ్చింది.
మిల్లు మూసేశాక కూడా ఎవరి కోటు దొరికినా
లోపలి కుట్టు తిరగేసి చూసేది,
“ఈ జేబు నిలవదు” అనేది, సూది వెతుక్కుంటూ.

దర్జీపని నొక్కాను.
జెమోవిత్ తిట్టాడు. గుడ్డ తొడుక్కునే దొంగ ఎక్కడైనా ఉంటాడా అని.
ఉండడు, తెలుసు.
జేబు కొట్టేవాడికి
కుట్టడం కూడా తెలియాలి కదా.

మొదటిది నార సంచి. ఆరు అరలు.
బజారులో పెట్టి పడుకున్నాను.
పొద్దున చూస్తే రెండు రాగి నాణేలు.
వాడి మూటలో
అడిగి పుచ్చుకున్న డబ్బు అదే మొదలు.