ప్రస్తుత స్థితి

జిల్లా ఆఫీసు ఇచ్చిన ఫారంలో ఆరు గళ్ళు.
స్మారకం పేరు. ఉన్న ఊరు. ఎత్తు. వెడల్పు.
ఎవరు నిలబెట్టారు. ప్రస్తుత స్థితి.
ఆఖరి గడి అన్నిటికన్నా ఇరుకు.

దారి చూపడానికి లాకుల లస్కరు వచ్చాడు,
బొక్కా ఏసోబు.
సైకిలు వెనక గొడుగు, హ్యాండిలుకి టిఫిను క్యారేజీ,
ఏటిగట్టు మీద నాకంటే నాలుగు బారలు ముందు.
వాన వెలిసింది. మట్టి చెప్పుల్ని వదలనంటోంది.

మొదట లాకుల గది గోడ.
సున్నం మీద నల్లగీత, పక్కన ఎనభై ఆరు.
దానికి రెండు జానల కింద ఇంకో గీత,
పక్కన ఏమీ లేదు.
"అది గోదారిది కాదండి, నాది.
ఆ ఏడు నా ఎత్తు. మా నాన్న గీశాడు."
సున్నం వేసేవాళ్ళు ఏటా
రెండిటినీ వదిలేసి చుట్టూ పూస్తారట.
నేను పై గీతే రాసుకున్నాను.

చేపల మార్కెట్ పక్కన తుపాను స్తూపం.
తొంభై ఆరు. పాలరాయి.
ఒకే ఇంటిపేరు వరసగా ఏడుసార్లు.
చెక్కినవాడికి విసుగొచ్చిందో, చెయ్యే వణికిందో,
ఆరోదానికి కొమ్ము పెట్టలేదు.
చుట్టూ ఉన్న గొలుసు మీద వలలు ఆరేశారు.
"తియ్యమందురా?" అన్నాడు ఏసోబు.
ఆ పేర్లలో సగం వల విసిరిన చేతులవే.
వద్దన్నాను.
స్థితి: బాగున్నది.

మూడోది కనబడలేదు.
పాత రికార్డులో మాత్రం ఉంది,
పంటు మునిగిన రేవు, నల్లరాయి, మూడడుగులు.
రాయి లేదు సరే, రేవే లేదు.
వంతెన వచ్చాక మెట్లు తుంగలో కలిసిపోయాయి.
ఏసోబు కాసేపు బుర్ర గోక్కుని
నీళ్ళవైపు చెయ్యి చాపాడు.
"ఆయ్, అదేనండి. పల్లాలమ్మ ఉతుకుతున్న బండ."

ఆవిడ చీర పూర్తిగా పిండి, బేసిన్లో వేసి,
అప్పుడు మా వంక చూసింది.
"కొలుస్తారా? కొలుచుకోండి."
పైవైపు అద్దంలా నున్నగా ఉంది. అక్షరాలు అడుగున.
గడ్డపార తెచ్చి నలుగురం పట్టాం.
బురద దాన్ని ఒక్క గుక్క సేపు పట్టుకుని
చప్పుడుతో వదిలింది.

నిన్న చెక్కినట్టు పదకొండు పేర్లు.
పన్నెండో వరసలో, మరియు ఒక పసిబిడ్డ.
అడుగు బురదలోనూ అవే పేర్లు,
కుడి ఎడమై, గుంటలు గుబ్బలై.
నీళ్ళు మెల్లగా వచ్చి
కింది వరస నుంచి చెరుపుకుంటూ పోయాయి.

చదవమంది. చదివాను.
ఏసోబు సైకిలుకి స్టాండు వేసి చేతులు కట్టుకున్నాడు.
"మరియు అంటే?"
"ఇంకా, అని."
ఆవిడ సబ్బుచేతిని చీర కుచ్చిళ్ళకి తుడుచుకుంది.
"దానికి పేరుంది. మంగతాయారు.
బారసాల చేసి పంపాం.
మా అక్క ఒళ్ళో పెట్టుకుని ఎక్కింది.
జనం ఎక్కువయ్యారని
నన్ను తరవాతి పంటులో రమ్మంది."

ఇది ఆ రాయే అని తెలుసా అంటే
నవ్వింది, నాకు చదువు లేదన్నట్టు కాదు,
నీకు లేదన్నట్టు.
"వంతెన కట్టేటప్పుడు
కంకర కొట్టేవాళ్ళు సుత్తులతో దీనికేసి చూస్తుంటే
బోర్లా తోయించి, మీద మురికిబట్టలు పోశాను.
ఉతుకుడు బండ జోలికి ఎవడొస్తాడు?
ఊ, అయిందా? మళ్ళీ బోర్లా పెట్టండి.
ఇంకా దుప్పట్లున్నాయి."

పెట్టాం. బురద మళ్ళీ సర్దుకుంది.

రాత్రి లాడ్జిలో, దోమల చక్ర పొగలో,
ఆఖరి గడిలో రాశాను: వాడుకలో ఉన్నది.
అయిదో గడి దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది.
పైవాళ్ళు తిప్పి పంపుతారని తెలుసు.
'నిలబెట్టారు' అన్న అచ్చుమాట కొట్టేసి
పడుకోబెట్టారు అని దిద్ది,
పల్లాలమ్మ, పిన్ని,
అని రాశాను.