గోలీ

అరండల్‌పేట వంతెన దిగే చోట
సైదమ్మ సోడా బండి.
మూడు నెలలు గీశాను దాన్ని, ఉన్నదున్నట్టు.
పచ్చ సీసాలు, తడి గోనెపట్టా,
మూత లేని చిల్లర డబ్బా.
వెనక గోడ మీద 'ఇచ్చట మూత్రము పోయరాదు',
ఆ అక్షరాల కిందే ఆరని మరకలు.

ప్రదర్శనలో ఒక కళ్ళజోడాయన అన్నాడు:
"సీసా మెడలో గోలీ చూశారూ,
అది ఆడదాని గొంతులో ఇరుక్కున్న మాట."
తలూపాను.
నాకు తట్టలేదు గాని, బాగానే ఉంది.

ఆఖరి రోజు సైదమ్మే వచ్చింది,
బండి పుచ్చకాయలాయనకి అప్పజెప్పి.
తన బొమ్మ ముందు చాలాసేపు నిలబడి
"పెదాలు ఇంత ఎండబెట్టావేందమ్మా?" అంది.
ఎండే ఉంటాయి గదా అన్నాను.
"నిజమేలే. పొద్దుగూకేదాకా చుక్క ముట్టను.
తాగితే యాడికి పోను?"
గోడకేసి చూసింది,
నేను గీసిన గోడకేసి.

తర్వాత గొంతు తగ్గించి,
ఇక్కడ బాత్రూము ఉందా,
తాళం వేసుండదు గదా, అనడిగింది.

తిరిగొచ్చి
బల్ల మీది లీటరు సీసా ఎత్తి
గటగటా తాగింది, పైట తడిసేలా.
మెడలో ఏదో
పైకీ కిందకీ కదులుతోంది.

అది గీయడం నాకింకా రాలేదు.