కావాలనే

ఫ్యాను తిరగడం లేదని తెస్తారు కందుకూరు జనం.
స్విచ్చేస్తే సన్నగా గుర్రుమంటది, కదలదు.
చూపుడువేలితో రెక్కను కాస్త తోస్తా.
ఇంక ఆగదు.
"వైండింగు బాగానే ఉంది, కెపాసిటర్ పోయింది" అంటా.
చిన్న డబ్బీ. కొత్తది వేస్తే సరి.

ఈ పని నేర్పింది మాల్యాద్రన్న.
వేలితో తోసి చూడటం కూడా.

తుపాను రాత్రి, కరేడు రొయ్యల గుంటల కాడ
కరెంటు పోయింది. ఏరియేటర్లు ఆగితే
తెల్లారేసరికి రొయ్యంతా తేలిపోద్ది.
వాన కొడుతుందని జనరేటరును షెడ్డులోకి లాగి
తలుపేసుకుని కావలి కూర్చున్నాడు.
రొయ్యలకు గాలందింది.

నెల్లూరు ఆసుపత్రిలో పన్నెండు రోజులు.
మాటొచ్చింది, నడకొచ్చింది, లెక్కలొచ్చాయి.
మాలకొండకు పోయి టెంకాయ కొట్టొచ్చాం.
ఏం రాలేదో ఆ తర్వాత తెలిసింది.

అరుగు మీద కూర్చోబెడితే కూర్చునే ఉంటాడు.
నీడ జరిగిపోయి ఎండ మీదికొచ్చినా జరగడు.
టీ చల్లబడి మీగడ కడతది.
వజ్రమ్మొదిన "తాగు" అంటే తాగుతాడు,
ఖాళీ గ్లాసు పట్టుకునే ఉంటాడు
"కింద పెట్టు" అనేదాకా.
"ఏమాలోచిస్తుండావన్నా?"
"ఏం లేదు."
"బాధగా ఉందా?"
"లేదే."
అబద్ధం కాదది. నాకు భయమేసింది అందుకే.

వీధిలో ఒకరు సోమరన్నారు. ఒకరు గాలి సోకిందన్నారు.
నేనూ ఒకసారి, పని ఎక్కువై,
"మూడు పూట్లా తినేది మాత్రం మర్చిపోడు" అన్నా,
అదీ వదిన చెప్తేనే తింటాడని తెలిసి.
విన్నాడు. కోపం కూడా రాలేదు.

డాక్టరమ్మ స్కాను ఫిలిం వెలుతురుకు పట్టింది.
మెదడు లోలోపల, అటొకటి ఇటొకటి,
చింతగింజలంత రెండు మచ్చలు.
"పని చేసే చోటు కాదిది, మొదలుపెట్టే చోటు.
లేచి మంచినీళ్లు ముంచుకోవాలన్నా
లోపల ఒక బేరం జరుగుతుంది,
ఇంత కష్టానికి ఎంత ఫలమని.
డోపమైన్ ఆ బేరంలో 'లే, పర్లేదు' అంటుంది.
అందరూ దాన్ని సంతోషం అనుకుంటారు. కాదు,
అది చెయ్యి చాపించేది.
ఈయనకు ఆ మాట పోయే దారి కాలిపోయింది."

వదిన అడిగిందొక్కటే:
"నేనంటే ఇష్టం కూడా పోయిందా అమ్మా?"
"ఇష్టం వేరే చోట ఉంటుంది" అందామె,
ఇంకో చీటీ రాస్తూ.

తిరుగు బస్సులో కండక్టరు
"కావలి, కావలి, కావలి" అని అరుస్తుంటే
ఆ మాటలో ఒక దీర్ఘం తక్కువైనట్టు
నాకెందుకో అనిపించింది.

ఉలవపాడు బంగినపల్లి కోసి ముందు పెట్టాం.
ఈగలు వాలాయి. చెయ్యి లేవలేదు.
వదిన ఒక ముక్క నోట్లో పెట్టింది.
కళ్లు సగం మూసుకున్నాడు. చప్పరించాడు.
రసం గడ్డం మీదికి కారింది.
ప్లేటు జానెడు దూరంలోనే ఉంది.
రెండో ముక్క వదినే పెట్టింది.

ఇప్పుడు పొద్దున్నే షాపుకు తీసుకొస్తా.
నా ఎదురుగా స్టూలు.
"రాగి తీగ పట్టుకోన్నా" అంటే పట్టుకుంటాడు.
మొన్న ఒక మోటారుకు చుట్లు లెక్కపెడుతూ
నూట పద్నాలుగు తర్వాత నూట పదహారన్నా.

"పదిహేను" అన్నాడు.

నేనడగలేదు. ఎవరూ అడగలేదు.
ఫోను చేసి చెప్తే వదిన చాలాసేపు పలకలేదు.
తర్వాత, "మళ్లీ తప్పు చెప్పి చూడు" అంది.

నా తప్పు తోసిందో, తనే కదిలాడో తెలీదు.
చాలాసార్లు తీగ పట్టుకుని ఊరకే చూస్తాడు.
నేను మాత్రం వేళ్లతో సరిగ్గానే చుడుతూ
నోటితో, రోజుకొకసారి,
కావాలనే తప్పు లెక్కపెడుతుండా.