లొంగనిది

పద్దెనిమిదేండ్లుగా గుజ్జు ఫ్యాక్టరీలో
నా బొటనవేలే పరీక్ష.
నొక్కితే రవంత లొంగిన తోతాపురి బెల్టు మీదికి,
లొంగనిది పక్క బుట్టలోకి.

ఈ పొద్దు చిత్తూరులో, గ్రీమ్స్‌పేట మేడమీది చీకటి గదిలో
నేను పండుకోనుండా.
కుడి పిక్కకన్నా ఎడమది నాలుగు సెంటీమీటర్లు లావు.
నిన్నటి నెత్తురు కాగితం
డీ-డైమర్ ఎక్కువనింది, ఎందుకో చెప్పలే.
"తక్కువొస్తే నిమ్మళం కన్నెమ్మా,
ఎక్కువొస్తే వెతకాల," అనింది
డాక్టరమ్మ షబీనా.

సల్లని జెల్లు. గజ్జకాడ మొదలుపెట్టింది.
తెరమీద రెండు నల్ల గుండ్రాలు,
ఒకటి కొట్టుకుంటాంది, ఒకటి ఊరకుండాది.
నొక్కితే ఆ ఊరకుండేది
నిద్రొచ్చిన కన్ను మాదిరి మూసుకుంటాది,
వదిలితే తెరుచుకుంటాది.
"ఇట్ల మూసుకుంటే మంచిది," అనింది.

అట్లే నొక్కుకుంటా, వదులుకుంటా
తొడంతా దిగి
మోకాలి ఎనక్కి వచ్చినాక

మూసుకోలే.

ఇంకోసారి, గట్టిగా.
రంగుల మీట నొక్కింది.
చుట్టూ నీలం, నడాన ఏ రంగూ లే.

ఆమె ఏమీ అనలే.
ఆ చెయ్యి ఆగిన తీరు నాకు తెలుసు,
కాయ లొంగనప్పుడు నాదీ అట్లే ఆగుతాది.

"పక్కన పెట్టేసినారా మేడమ్?" అని అడిగినా.
ఆమెకు అర్థం కాలే.
సూదిమందు ఈ పొద్దే మొదలుపెట్టాలని
రాసుకుంటా ఉండాది.

జెల్లు తుడుచుకున్న దూదికి
మామిడి సొన వాసన అంటింది.
సీజను ఇంకా పదైదు దినాలుండాది.