ఎన్ని కుండల దూరం

యాకుత్స్క్‌లో ఎనిమిదీ పదికి లేస్తుంది.
మాస్కోలో ఎనిమిదీ యాభైకి దిగుతుంది.
పంతొమ్మిదేళ్లుగా ఈ కౌంటర్లో
ఆ రెండు అంకెలే చెబుతున్నాను,
నేను మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు.

బయట సున్నాకి నలభై ఏడు కింద.
మంచుపొగలో విమానం తోక కూడా కనపడదు,
ఉందన్న నమ్మకం మీదే సామాన్లు తూస్తున్నాం.

ప్రోకోపీ తాత చేపలు తెచ్చాడు.
నాలుగు ముక్సున్‌లు. బజార్లో
కట్టెల్లా నిలబెట్టి అమ్మే రకం.
పాత వార్తాపత్రిక చుట్టి, పైన ఉన్ని శాలువా.
తూకం మీద పెడితే టక్కుమన్నాయి.

"ఎంత దూరం అమ్మాయ్?"
నాలుగువేల తొమ్మిది వందల కిలోమీటర్లు, అన్నాను.
"అది కాదు. ఎంత దూరం?"

అప్పుడు తట్టింది, అడుగుతున్నది మా అమ్మమ్మ లెక్క.
పొయ్యి మీద మాంసం కుండ ఉడికేంతసేపు ఒక కొలత.
వేళ్లు మడిచాను.
ఆరు కుండలు తాతా,
ఏడోది పొంగుకొచ్చేలోపు దిగుతారు.

"మరి గడియారం నలభై నిమిషాలే అంటోందే?"

ఏం చెప్పను.
తెల్లవారు వెంటపడుతుంటే
దొరక్కుండా పరిగెత్తే బండి ఇది.
పోయేటప్పుడు ఆరు గంటలు చేతిలో పెడతారు,
తిరుగు టికెట్లో లాగేసుకుంటారు.
అక్కడ రాత్రి పదిన్నరకి ఎక్కినవాళ్లకి
కునుకు పట్టకముందే ఇక్కడ పొద్దెక్కి ఉంటుంది.
అప్పు అప్పే.
తిరిగి రానివాళ్ల ఆరు గంటలు
ఎవరి ఖాతాలో పడతాయో
ఈ ఉద్యోగంలో నాకెవరూ చెప్పలేదు.

తాత చేతొడుగు తీసి ముక్కు తుడుచుకున్నాడు.
"ఫెవ్రోనియా నా కవల చెల్లెలు.
నా వెనక నలభై నిమిషాలకి పుట్టింది.
ఆ నడుమ మంత్రసాని టీ కాచుకుని తాగిందట.
ట్రామ్ నడిపేవాణ్ణి చేసుకుని పోయి అరవై ఏళ్లు.
ఇప్పుడు నాకన్నా ఆరు గంటలు చిన్నది.
కొత్త సంవత్సరం ముందు నాకే వస్తుంది,
ఎలా ఉందో చూసి దానికి ఫోన్లో చెబుతాను."

మూడు కిలోలు ఎక్కువున్నాయి.
పక్క కౌంటర్లో తుయారా అటు తిరిగి
పెన్ను వెతుక్కోవడం మొదలుపెట్టింది.
నేను సున్నా వేశాను.

ఎనిమిదీ పది దాటింది. పొగ వీడలేదు.
బోర్డు మీద ఎర్ర అక్షరాలు: ఆలస్యం.
హాల్లో హీటర్లు గుర్రుమంటున్నాయి,
పిల్లలు కోట్లు విప్పేసి దొర్లుతున్నారు.

తాత వెనక్కొచ్చాడు.
బెల్టు ఇంకా కదల్లేదు కదా, నా చేపలిటివ్వు, అన్నాడు.
శాలువాతో సహా ఎత్తుకుని
తలుపు తోసుకుని బయటికి పోయాడు.

అద్దంలోంచి చూస్తున్నాను.
ఆ చలిలో, దీపస్తంభం కింద,
కరగకుండా నిలబడ్డాడు,
పసిపిల్లల్ని ఎత్తుకున్నట్టు చేపల్ని ఎత్తుకుని,
ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ.

గడియారం చూడలేదు నేను.
ఒక కుండ ఉడికింది.
రెండోది ఇప్పుడే పొయ్యి మీద పెట్టాను.