కంబళి కప్పుకున్నది

తొలకరి పడిన ఆరోనాడు
కుందుర్పి బస్సు దిగి వచ్చినాడు మాళింగప్ప.
పంచె మడతలో మందుబిళ్లల పెట్టె,
పెట్టెలో రెండు గాజుపలకలు,
పలకల మీద చచ్చిన పొట్టేలి చెవి నెత్తురు.
"అనంతపురం ల్యాబులో కుళ్లాయమ్మ మేడం చేతికే ఇయ్యి,
దోవలో తెరవొద్దు" అని చెప్పి పంపినారంట.
తెరవలేదు.
మూడు గంటలు తొడ మీదనే పెట్టుకున్నాడు,
కోడిగుడ్ల గంప మాదిరి.

"ఎన్ని పోయినాయి?"
"నిన్నటికి పదకొండమ్మా.
ముక్కులో నెత్తురు, తారు మాదిరి.
గడ్డ కట్టదు."
ఆ మాటతోనే తెలిసిపోయింది.
అయినా చూడాల.
చూడకుండా రాయడానికి మా రిజిస్టరులో గడి లేదు.

మంట మీద పలకను ఆడించి
నీలం మందు పోసి, కడిగి, ఆరబెట్టి
కన్ను ఆనించినా.
ఉన్నాయి.
కణుపుల కాడికి నరికిన వెదురు ముక్కల్లా
నీలంగా, వరసగా,
వాటి చుట్టూ చెదిరిన గులాబి పొర.

"నేనూ చూస్తా" అన్నాడు.
స్టూలు మీద కూర్చోకుండా నిలబడే వంగినాడు.
శానాసేపు పలకలేదు.
"ఇవేనా మా నాయన మందను తిన్నవి?"
"ఇవే. మీ జేజి నాయన మందను కూడా.
మన్నులో గింజల మాదిరి పడుకుంటాయి,
కరువంతా కండ్లు మూసుకొని.
వానకు లేస్తాయి,
ఒక్కోసారి గడ్డి కంటే ముందే."
"ఆ గులాబి రంగేందమ్మా?"
"అది వాటి కంబళి.
అది కప్పుకుంటే ఒంట్లో కావలి కాసేవాళ్లు
వాటిని పట్టలేరు."
ఆయన తన భుజం మీది కంబళిని
ఎందుకో కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

ఫ్రిజ్ లోంచి టీకా సీసా తీసి ఆయన అరచేతిలో పెట్టినా.
"ఇందులో ఉండేదీ అదే జాతి,
కంబళి పోగొట్టుకున్నది.
గొర్రె ఒంట్లో దూరుతుంది, ఓడిపోతుంది.
ఓడిపోతా ఓడిపోతా
గొర్రెకు యుద్ధం నేర్పి పోతుంది."

యుద్ధం అన్నది నేనే.
అన్నాక ఆగిపోయినా.
ఆ మాట పక్కన ఈ వెదురు ముక్కలను
నేను మొదట చదివింది ఇట్లా కాదు.

ఎక్కడో చల్లటి సముద్రంలో ఒక దీవి.
గొర్రెలను వరసగా కట్టేసినారు.
గాలివాటం చూసుకొని బాంబు పేల్చినారు.
బాంబు మోసుకొచ్చింది ఇనపముక్కలను కాదు, వీటినే.
కొన్నాళ్లకు గొర్రెలు పడిపోతుంటే
ఎవరో లెక్క రాసుకున్నారు,
నా మాదిరే గీతలు కొట్టిన పుస్తకంలో,
బహుశా నా కంటే మంచి చేతిరాతతో.
దగ్గర దగ్గర యాభై ఏండ్లు
ఆ దీవిని మళ్లీ మనిషికి ఇయ్యలేకపోయినారు.

చెప్పకూడదేమో. చెప్పినా.
ఆయన అడిగింది ఒకటే:
"ఆ కాపరికి దుడ్లు కట్టిచ్చినారా?"

నేను చదివినదాంట్లో కాపరి లేడు.
గొర్రెల సంఖ్య ఉంది. గాలి వేగం ఉంది.

సాయంత్రం రిజిస్టరు తెరిచినా.
నమూనా: గొర్రె, చెవి నెత్తురు.
ఫలితం: దొమ్మ.
ఆఖరి గడి: నమూనాను ఏం చేశారు?
"ఆవిరిలో ఉడికించి కాల్చివేయడమైనది."
ఇరవై రెండేండ్లుగా అదే వాక్యం.
ఈరోజు మాత్రం
పలకలను రెండుసార్లు లెక్కపెట్టి రాసినా.
రెండే. రెండూ.
ఏ దేశంలోనో, కిటికీలు లేని ఏ గదిలోనో
ఇదే గడి ముందర నాలాంటి ఒకామె
కలం పైకెత్తి ఆగి ఉంటుంది.

వారానికి టీకాలతో వాళ్లూరికి పోతిమి.
గుంతలో సున్నం, సున్నం మీద మన్ను,
మన్ను మీద కంపమండలు,
నడుమ నిలబెట్టిన ఒక బండ.
బండకు గొర్రెలకేసే ఎర్రరంగు.
"ఎన్నేండ్లు ఉంచాలమ్మా దీన్ని?"
"నీ మనవడి మనవడి దాకా."

"అయితే ఒక్క పూత చాల్దు" అని
డబ్బా కోసం మళ్లీ ఇంటి దిక్కు నడిచినాడు.